మాలతి బండెక్కిన ఏడాది

ముంబై దగ్గరి భివండిలో, కాల్హేర్ గోదాముల్లో మా మాలతి ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతుంది. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నాకే హుషారొస్తుంది. ఫోర్క్‌లిఫ్ట్ అంటే, ముందర రెండు ఇనుప చేతులు చాపి, మనుషులు మోయలేని పెట్టెల దొంతరను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తి, మేడంత ఎత్తున్న అరలో పెట్టి వచ్చే బండి. దాని సీటు మీద మాలతి కూర్చోవడం నేను కళ్ళారా చూశాను. చూసి కూడా నమ్మడానికి కాసేపు పట్టింది. ఎందుకంటే మాలతి అంతకుముందు ఎట్లా ఉండేదో నాకు తెలుసు.

నాగావ్‌లో మా చాళ్‌లో అంటే వరసగా ఒంటిగదులున్న మేడలో ఆమెది కింది ఖోలీ, నాది పై ఖోలీ. నేను ఇక్కడి తెలుగు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని. పొద్దంతా వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటాను కనుక గల్లీలో జరిగేదేదీ నా కంట పడకుండా పోదు. నేను చూడనిదంతా మాలతే చెప్పింది. అడగాల్సిన పని కూడా లేదు, ఆమెకు చెప్పడం అంత ఇష్టం.

సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి భూపతిని పెళ్ళి చేసుకుని వచ్చినప్పుడు ఆమె నిండా చిన్నది. వచ్చిన వారానికే గడప పక్కన కండెలు చుట్టే మిషన్ ముందు కూర్చోబెట్టారు. భూపతి వెనక గల్లీ కార్ఖానాలో సాంచెలు నడిపేవాడు. మరమగ్గాలను మావాళ్ళు సాంచెలనే అంటారు. ఆ సాంచెల నాడెల్లో పెట్టడానికి నూలు చుట్టిన కండెలు కావాలి. నిండిన కండె తీయి, ఖాళీది పెట్టు, తెగిన పోగు అతుకు. మాలతి పని అదీ. బజారుకు భూపతి పోయేవాడు, రేషన్‌కు భూపతి పోయేవాడు, కూతురు ఆర్తిని బడిలో దింపి రావడానికి అత్త ఐలవ్వ ఉండేది. మాలతిని బయటికి పోవద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. ఊరికి పోయేటప్పుడు బస్సు కిటికీలోంచి కనపడేదే ఆమెకు తెలిసిన భివండి.

అట్లాంటిది, కరోనా వచ్చిన ఆ మార్చి నెలలో సాంచెలు ఆగిపోయాయి.

ఈ ఊళ్ళో ఉండనివాళ్ళకు ఆ ఆగడం ఎట్లాంటిదో చెప్పడం కష్టం. మా చెవుల్లో ఆ టకటక పుట్టినప్పటినుంచీ ఉన్నట్టే ఉండేది. నిద్రలో కూడా దాన్నే వింటూ పడుకునేవాళ్ళం. అది ఒక్కసారి బంద్ అయ్యేసరికి గోడలు దూరం జరిగినట్టయింది. తమాషా ఏమిటంటే, అందరం ఇంకా అరుచుకునే మాట్లాడుకున్నాం. గొంతు తగ్గించడం ఎవరికీ చేతకాలేదు. "కూర ఉన్నదా?" అని ఐలవ్వ లోపల అడిగితే పై ఖోలీలో నేను "ఉన్నది" అని జవాబు చెప్పేదాన్ని.

నవ్వులాట అక్కడికే. మిగతాదంతా భయమే. పని లేదు, బయటికి పోరాదు. మన తెలుగోళ్ళ సమాజం హాల్లో వండిన ఖిచిడీ వస్తేనే ఆ పూట కడుపు నిండేది. ఎవరికి దగ్గొచ్చినా గల్లీ మొత్తం ఆ తలుపు వైపే చూసేది. జనం ఊర్లకు పోవడం మొదలుపెట్టారు. పక్క ఖోలీ నాగయ్య కూడా ఒక లారీలో చోటు దొరికితే మూట కట్టుకున్నాడు. పోతూ పోతూ తన పాత సైకిల్ తెచ్చి భూపతి గడప ముందు నిలబెట్టాడు.

"లారీల దీనికి జాగ లేదన్నడు. మీ తాననే ఉంచుకోండ్రి. ఉత్తగ తుప్పు పట్టనియ్యకుండ్రి."

అది మగవాళ్ళ సైకిల్, మధ్యలో దండె ఉన్నది. ఆర్తి దాన్ని మర్నాడే ఎక్కింది. పొద్దున పాలకూ కూరగాయలకూ వదిలే టైములో గల్లీ ఈ కొస నుంచి ఆ కొస దాకా తొక్కేది. మామూలు రోజుల్లో నూలు చుట్టిన రోలర్లు, అదే భీములు, మోసే టెంపోలు, హమాలీ బండ్లు, కుక్కలు, మనుషులు కలిసి అడుగు వేయనివ్వని గల్లీ అది. ఇప్పుడు ఊడ్చినట్టు ఖాళీ. మాలతి మిషన్ దగ్గర కూర్చునే ఉండేది. చుట్టడానికి నూలు లేకపోయినా అలవాటుగా అక్కడే కూర్చునేది. కూతురు అటు పోతే అటు, ఇటు వస్తే ఇటు ఆమె తల తిరగడం నేను పైనుంచి చూశాను. ఒకరోజు లేచింది.

"ఆర్తీ, ఒక్కసారి నేనెక్కుదునా?"

గడపలో కూర్చున్న భూపతి తల ఎత్తాడు. "ఏందే, నువ్వా? గల్లంత సూస్తరు."

"గల్లీల ఎవలున్నరని సూస్తరు? సగం మంది పాయిరి. ఉన్నోళ్ళు తలుపులేసుకున్నరు."

"పడ్డవంటే దవఖానకు కూడ పోరాదు ఇప్పుడు."

లోపలినుంచి ఐలవ్వ గొంతు వచ్చింది. "ఎక్కనియ్యిరా దాన్ని. ఇన్నేండ్లు కూసున్న మనిషి. పడ్డా మంచిదే, జర కదిలినట్టయితది."

చీరతో కుదరలేదు. లోపలికి పోయి కూతురి పంజాబీ డ్రెస్సు తొడుక్కుని వచ్చింది. భుజాల దగ్గర బిగుతుగా ఉన్నది, సిగ్గుతో ముఖం ఎర్రబడ్డది. అయినా ఎక్కింది. పడ్డది. ఎక్కింది, మళ్ళీ పడ్డది. మోకాలు గీసుకుపోయింది. ప్రతిసారీ పడగానే నవ్వేది. నాకు ఆశ్చర్యం అదే. ఆమె నవ్వు అంత గట్టిగా ఉంటుందని ఆ చాళ్‌లో ఎవరికీ తెలీదు. సాంచెల మోతలో ఎవరికి వినపడేది!

ఆర్తి మరాఠీ బడి పిల్ల. కంగారొస్తే రెండు భాషలూ కలిసే వచ్చేవి. "అమ్మా, ఘాబరూ నకో! సమోర్ బఘ్! చక్రం దిక్కు కాదే, ముందుకు చూడు, ముందుకు!"

నాలుగైదు పొద్దులు అట్లాగే గడిచాయి. ఆ తర్వాత ఒకనాడు, సీటు వెనక పట్టుకుని పరుగెత్తుతున్న కూతుర్ని మాలతే కసిరింది.

"ఇడిసిపెట్టు!"

"నిజంగనా?"

"ఇడువుమంటున్న గదా!"

ఆర్తి వదిలేసింది. సైకిల్ పాములా ఊగింది, తర్వాత నిలిచింది. అబ్బ, ఏం పోయింది! గల్లీ మధ్యలోంచి బాణంలా పోయింది. నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. భూపతి కూడా లేచి నిలబడ్డాడు. గల్లీ మలుపు దగ్గర మాలతి కేక వినపడ్డది.

"ఆపుడెట్లనే?"

ఆ మాటతో మలుపు తిరిగి మాయమైంది.

మేమందరం పరుగెత్తాం. ఐలవ్వ కూడా. వెనక గల్లీలో కార్ఖానా ముందు పనికిరాని దూది మూటలు గుట్టగా పోసి ఉంటాయి. మాలతి ఆ గుట్టలో నడుముదాకా కూరుకుపోయి ఉన్నది. సైకిల్ ఆమె పక్కనే. జుట్టంతా తెల్లటి దూది. లేస్తూనే అన్నది, "ఇంకోసారి!"

ఆ తర్వాత ఆమెను పట్టడం ఎవరి తరం కాలేదు. బ్రేకు పట్టడం నేర్చింది. పొద్దున్నే పాల పేరు చెప్పి బయటపడేది. ఒక వీధి దాటి ఇంకో వీధి చూసేది. ఒకరోజు పాల ప్యాకెట్లు హ్యాండిల్‌కు వేలాడేసుకుని రొప్పుతూ వచ్చి, సైకిల్ కూడా దిగకుండానే అరిచింది.

"టీచరమ్మా, గుట్టలు కనవడ్డయి!"

"ఏ గుట్టలే?"

"మన ఊరి సుట్టు గుట్టలున్నయి! పచ్చగ, గింత పొడుగు! ఖాడీ నీళ్ళ దిక్కు పోతే కనవడుతున్నయి. ఇన్నేండ్లసంది ఈడ ఉన్నరు, ఒక్కలన్న చెప్పిండ్రా నాకు?"

పొగ లేకపోయేసరికి గాలి తేటబడి అవి నాకు కూడా చాలా ఏళ్ళకు కనపడుతున్నాయి. మర్నాడు ఐలవ్వను వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోయి చూపించింది. ముసలామె కోడలి నడుము పట్టుకుని పోయింది, తన నడుము పట్టుకుని వచ్చింది. "మస్తున్నయి గుట్టలు. నా ఈపే లేకుంట పోయింది" అన్నది, కానీ మొహం వెలిగిపోతూనే ఉన్నది.

మే నెల వచ్చేసరికి సమాజం హాల్లో వండే ఖిచిడీని మాలతి మోయడం మొదలుపెట్టింది. నడవలేని ముసలివాళ్ళు, ఒంటరిగా ఉండిపోయిన మగ్గపు పనివాళ్ళు, దగ్గు వచ్చిందని గదిలో మూసేసినవాళ్ళు... వాళ్ళ గడపల్లో గిన్నె పెట్టి, బెల్ కొట్టి వెనక్కి జరిగేది. ఆ బెల్ విన్నవాళ్ళు ఆమెకు పేరు పెట్టారు, సైకిలక్క అని. భూపతికి మొదట్లో నచ్చలేదు. రోగం మోసుకొస్తుందని భయపడ్డాడు. కానీ ఏ గల్లీకి పోయినా "సైకిలక్క పెనిమిటివా?" అని అడగడం మొదలుపెట్టేసరికి కాస్త మెత్తబడ్డాడు.

రోగం మాత్రం భూపతికే వచ్చింది. ఆమె ద్వారా కాదు. జూన్‌లో కార్ఖానా అరకొరగా తెరిస్తే నాలుగు రోజులు పోయి వచ్చాడు, అక్కడ అంటుకుంది. జూలై వానల్లో పడకేశాడు. జ్వరం తగ్గింది, కానీ ఊపిరి అందలేదు. సాంచెల దుమ్ము ఇన్నేళ్ళు పీల్చిన ఊపిరితిత్తులవి. గల్లీ డాక్టర్ గడపలోనే నిలబడి, వేలికి పెట్టే మిషన్ పెట్టి చూసి, మాలతిని పక్కకు పిలిచాడు.

"దవాఖానాల్లో పడకలు లేవమ్మా. నేను ఫోన్లు చేసి చేసి అలసిపోయాను. ఆక్సిజన్ పెట్టాలి. ఇంట్లో పెట్టినా సరే, పెట్టాలి. శాంతి నగర్‌లో ఒక మసీదులో సిలిండర్లు ఉత్తగానే ఇస్తున్నారట. ఎవర్నన్నా పంపగలవా?"

ఎవరున్నారు పంపడానికి? ఆటో వాళ్ళు ఫోన్ ఎత్తలేదు. ఎత్తిన ఒకడు కరోనా ఇల్లంటే రానన్నాడు. బయట వాన కుండపోతగా కొడుతున్నది. ఆర్తి "నేనూ వస్తా" అని చెప్పులు వేసుకున్నది.

"నువ్వు బాపు దగ్గరనే ఉండు. పక్కకు తిప్పి పండుకోబెట్టు. మాట్లాడుకుంట ఉండు, నిద్రపోనియ్యకు. నేను ఇప్పుడే వస్త."

నేను వరండాలోంచి చూశాను. వానలో ఆమె పోయిన తీరు ఇప్పటికీ కళ్ళముందున్నది. సీటు మీద కూర్చోలేదు, పెడళ్ళ మీద నిలబడి తొక్కింది.

మసీదు మెట్ల దగ్గర వరుస ఉన్నదట. అందరూ ఒకరికొకరు దూరంగా, గొడుగుల కింద. సిలిండర్లు ఇస్తున్న తెల్లగడ్డం పెద్దాయన ఆమె వంతు రాగానే బండి కోసం రోడ్డువైపు చూశాడు.

"గాడీ కిధర్ హై, బేటీ?"

"యహీ హై" అంటూ మాలతి సైకిల్ సీటు మీద చేయి వేసింది.

ఆయన సైకిల్‌ను చూశాడు, సిలిండర్‌ను చూశాడు. "గిర్ జాయేగా."

"నై గిరేగా."

పడదని ఆమె అంత గట్టిగా అనేసరికి ఆయన ఒప్పుకున్నాడు. లోపలినుంచి తాళ్ళు తెప్పించి, తానే క్యారియర్ మీద సిలిండర్‌ను పడుకోబెట్టి కట్టాడు. కింద గోనెసంచి మడిచి పెట్టాడు. మాస్కు, పైపు సంచిలో వేసి మెడలో తగిలించాడు. పైన చక్రంలా ఉన్నదాన్ని ఎంత తిప్పాలి, ఎట్లా ఆపాలి, దగ్గర్లో అగ్గిపుల్ల కూడా గీయొద్దని రెండుసార్లు చెప్పాడు. ఆమె ఎక్కబోతే సైకిల్ వెనకను గట్టిగా పట్టుకుని, ఆమె కుదురుకునేదాకా నాలుగడుగులు వెంట పరుగెత్తాడు. వానలో ఆయన టోపీ తడిసి ముద్దయింది.

వెనక బరువుకు ముందు చక్రం పైకి లేస్తున్నదట. "గుర్రం ఎక్కినట్టే ఉండె టీచరమ్మా" అని చెప్పింది. ఛాతీ మొత్తం హ్యాండిల్ మీద ఆన్చి తొక్కింది. ఒకచోట రోడ్డు మునిగిపోయి ఉన్నది. దిగి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నెట్టింది. నీళ్ళ కింద గుంత ఎక్కడున్నదో తెలియదు. ఒకచోట సైకిల్ పక్కకు ఒరిగింది. సిలిండర్ కింద భుజం పెట్టి ఆపింది. అట్లాగే నిలబడి ఊపిరి పీల్చుకుని మళ్ళీ నెట్టింది. నీళ్ళు దాటగానే ఎక్కి, గల్లీ మలుపు నుంచే బెల్ కొట్టడం మొదలుపెట్టింది. ఆ బెల్! అది విని ఆర్తి బయటికి దూకింది, నేను మెట్లు దిగాను, ఎదురింటివాళ్ళు తలుపులు తెరిచారు. రోగం భయం మరిచి నలుగురం కలిసి తాళ్ళు విప్పాం.

భూపతి ముఖానికి మాస్కు పెట్టి మాలతి చక్రం తిప్పింది. స్స్... అని చిన్న చప్పుడు. అందరం డాక్టర్ ఇచ్చిపోయిన ఆ వేలి మిషన్‌నే చూస్తూ కూర్చున్నాం. అంకె కదల్లేదు. కదల్లేదు. తర్వాత ఒకటి ఎక్కింది. ఇంకొకటి. ఆర్తి "చఢ్‌తోయ్! ఎక్కుతున్నది అమ్మా, ఎక్కుతున్నది!" అని గంతులేసింది. భూపతి కళ్ళు తెరిచి, మాస్కులోంచే ఏదో అన్నాడు. మాలతి చెవి దగ్గర పెట్టి విన్నది.

"ఏమన్నడే?" అని ఐలవ్వ అడిగింది.

"నా బట్టలు తడిసినయట. మార్చుకోమంటుండు."

ఖాళీ సిలిండర్ తీసుకుపోయి నిండింది తేవడం, అట్లా చాలా తిరుగుళ్ళు తిరిగింది. తెల్లగడ్డం పెద్దాయనకు ఆమె వరుస అలవాటైపోయింది. సైకిల్ కనపడగానే తాళ్ళు తీసుకుని మెట్లు దిగేవాడు. వర్షాలు తగ్గుముఖం పట్టేసరికి భూపతి గోడ పట్టుకుని నడిచాడు, తర్వాత గోడ పట్టుకోకుండా నడిచాడు. కానీ సాంచెల మధ్య పన్నెండు గంటలు నిలబడే ఊపిరి ఇక లేదని డాక్టర్ తేల్చి చెప్పాడు.

కార్ఖానాలు తెరుచుకున్నాయి. నూలు వచ్చింది. పొద్దున్నే మాలతి మిషన్ ముందు కూర్చోబోతే భూపతి అడ్డం నిలబడ్డాడు. నేను గిన్నె ఇవ్వడానికి కిందికి దిగి ఉన్నాను, నా ముందే జరిగింది.

"జరుగు. గీ కండెలు నేను చుట్టుత."

"నువ్వా? మరి నేనేం జెయ్యాలె?"

"నువ్వు ఎటన్న పో. నువ్వు ఎటన్న పోగలవు గదనే. నేను పోలేను, కూసోగలను."

అతను ఆ మాట బాధగా అనలేదు. చేతిలో కండె పట్టుకుని, ఎట్లా పెట్టాలో తెలియక అటూ ఇటూ తిప్పుతూ అన్నాడు. మాలతి ఆ కండె అందుకుని మిషన్‌కు తగిలించి చూపించింది. తర్వాత నావైపు తిరిగింది. ఆ కళ్ళు చూడాలి! పరీక్ష పాసైన పిల్లల కళ్ళు నేను చాలా చూశాను. ఇవి సెలవులిచ్చిన రోజు కళ్ళు.

కాల్హేర్ గోదాముల్లో ప్యాకింగ్ పనికి మనుషులు కావాలని విన్నది. ముంబై మొత్తం ఇంట్లో కూర్చుని ఫోన్లో సామాను తెప్పించుకుంటున్న రోజులవి. ఒకప్పుడు వరి పొలాలున్న ఊరంట కాల్హేర్. ఇప్పుడు కొస కనపడని రేకుల గోదాములు. అంజూర్ ఫాటా కూడలి మీదుగా లారీల పక్కన సైకిల్ తొక్కుతూ పోయింది, అడిగిన మొదటి గేటులోనే పని దొరికింది.

"టీచరమ్మా, లోపల మా ఊరంత ఉన్నది! మా ఊరికి కప్పేసినట్టున్నది!" అని మొదటి సాయంత్రమే మెట్లెక్కి వచ్చి చెప్పింది. పెట్టెలకు టేపు వేసే పని, చీటీ అంటించే పని. చేతులు అక్కడ పనిచేస్తుంటే కళ్ళు మాత్రం వేరేచోట ఉండేవట. అరల మధ్యలోంచి చప్పుడు చేయకుండా వచ్చే కరెంటు బండి మీద. ఫోర్క్‌లిఫ్ట్.

దాన్ని నడిపేవాడు ముఖేష్, బీహార్ మనిషి. మాలతి తన డబ్బాలో చారన్నం తింటూ రోజూ ఆ బండి పక్కనే కూర్చునేది. ఒకరోజు అడిగేసింది.

"భయ్యా, యే సైకిల్ జైసా చల్తా క్యా?"

ముఖేష్ పగలబడి నవ్వాడు. "ఉల్టా చల్తా హై, భాభీ."

నిజమే. సైకిల్‌కు ముందు చక్రం తిరుగుతుంది. దీనికి వెనక చక్రాలు తిరుగుతాయి. ముందు నెమ్మదిగా ఉంటే వెనక తోక ఊపేస్తుంది. షిఫ్టు సూపర్‌వైజర్ సోనాలి అని మరాఠీ అమ్మాయి ఉన్నది. మాలతి నేరుగా ఆమె దగ్గరికే పోయి నేర్చుకుంటానన్నది. సోనాలి పైకీ కిందికీ చూసి, "ఇప్పటిదాకా ఇక్కడ ఆడమనిషి ఎవరూ అడగలేదు" అన్నది. మళ్ళీ తనే, "వద్దని ఎక్కడా రాసిలేదు కూడా" అన్నది. అట్లా ట్రైనింగ్‌లో చేర్చింది.

మొదటి వారం పెట్టెలు పేర్చే ఖాళీ చెక్క పలకలు మాత్రమే ఎత్తనిచ్చారు. రెండో వారం సబ్బు పెట్టెలు ఎత్తి, తోక ఊపి, స్తంభానికి కొట్టి గోదాంలో సగం నేల సబ్బుమయం చేసింది. ఆ రోజు ఇంటికి వచ్చి ఏడ్చిందనుకుంటారేమో. లేదు. భూపతి ముందు పీట వేసుకుని, గిన్నెలు పలకలుగా, గరిటెలు ఇనుప చేతులుగా పెట్టి, ఎక్కడ తప్పు తిప్పిందో చూపించింది. భూపతి కండెలు ఆపి శ్రద్ధగా చూసి, "నువ్వు వెనుకకు సూడనే లేదు గదనే" అన్నాడు. "అదే! అదే తప్పు!" అని ఎగిరింది.

ఇంతలో మళ్ళీ ఏప్రిల్ వచ్చింది. రెండో అల. మొదటిదానికంటే అన్యాయంగా వచ్చింది. ఫోన్ మోగితే ఎత్తడానికి భయమేసిన రోజులు. లాక్‌డౌన్ వస్తుందని తెలియగానే గోదాం డ్రైవర్లు ఊర్ల రైళ్ళెక్కారు. ఉండిపోయిన ముఖేష్‌కు జ్వరం పట్టుకున్నది.

ఆ మధ్యాహ్నం గేటు ముందు లారీలు వరుసగా నిలబడి ఉన్నాయి. ముందు లారీలో ఊపిరి మిషన్లు, గాలిలోంచి ఆక్సిజన్ తీసేవి. సాయంత్రంలోగా దింపి, విడదీసి, ఠాణే కల్యాణ్ వైపు దవాఖానాలకు చిన్న బండ్లలో పంపాలి. చేతులతో దింపితే మర్నాటికి కూడా కాదు. సోనాలి రెండు చెవులకు రెండు ఫోన్లు పెట్టుకుని, డ్రైవర్ కావాలని అందరినీ బతిమాలుతున్నది. మాలతి ప్యాకింగ్ బల్ల దగ్గర టేపు కింద పెట్టి వచ్చింది.

"మేడం, మై కర్తీ."

సోనాలి ఫోన్లు దించింది. "నిండు మాల్ ఎప్పుడూ లారీలోంచి దింపలేదు కదా నువ్వు?"

"లేదు. ఈరోజు దింపుత. మీరు ముందర నిలబడి చెయ్యి చూపియ్యండి."

బెల్టు పెట్టుకున్నది. తాళం తిప్పింది. నిదానంగా లారీ నోట్లోకి పోయింది. ఇనుప చేతులు పలక కిందికి దూర్చింది. ఎత్తింది. పెట్టెల దొంతర కళ్ళముందు గోడలా లేచింది, ముందేమీ కనపడదు. అప్పుడు వెనక్కి తిరిగి, మెడ తిప్పి, తోక ఎటు ఊగుతుందో చూస్తూ వెనక్కే నడుపుకుంటూ వచ్చింది. సోనాలి పక్కనుంచి వెనకడుగులు వేస్తూ, నెమ్మదని చెయ్యి చూపిస్తూ "హళూ, హళూ... బస్!" అన్నది. పలక నేలమీద ఆనింది. చప్పుడు కూడా కాలేదు.

లారీ డ్రైవర్ అంతసేపూ బానెట్‌కు ఆనుకుని చూస్తున్నాడు. మెచ్చుకోలేదు, నవ్వలేదు. తన లారీ ఖాళీ అయ్యాక గుట్కా ఉమ్మేసి వెనకవాడికి కేక పెట్టాడు. "చల్, దూస్రా లగా! డ్రైవర్ బైఠీ హై!"

డ్రైవర్ కూర్చుని ఉన్నది. ఆ మాట చెప్పేటప్పుడు మాలతి గొంతు మారిపోతుంది. ఇంకో లారీ, ఇంకో లారీ. పొద్దు గుంకే వేళకు చిన్న బండ్లు ఒక్కొక్కటే గేటు దాటాయి. ఆమె దిగి నిలబడితే నేల ఇంకా కదులుతున్నట్టే ఉన్నదట. ఇంటికి ఫోన్ చేసి జరిగింది మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పింది. అటునుంచి భూపతి అంతా విని, "తిన్నవా?" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ పెట్టకుండానే గల్లీ మొత్తానికి వినపడేటట్టు, "మా మాలతి లారీలు దింపిందిరో!" అని అరిచాడు. పై ఖోలీలో నేను విన్నాను.

ముఖేష్ కోలుకుని తిరిగి వచ్చాడు. మాలతికి మాత్రం ప్యాకింగ్ బల్ల మళ్ళీ పట్టలేదు. పక్కా ఆపరేటర్ అయింది. ఆమెను చూసి అదే గోదాంలో శోభ అని ఒకామె, అనురాధ అని ఇంకొకామె నేర్చుకున్నారు. వాళ్ళకు నేర్పింది మాలతే. ఆర్తి ఇప్పుడు కాలేజీలో ఉన్నది. భూపతి కండెలు చుట్టడంలో భార్యను మించిపోయానని అంటాడు, మాలతి ఒప్పుకోదు. ఐలవ్వ మాత్రం ఎవరొచ్చినా కోడలి ఉద్యోగం గురించి చెప్పి, చివర్లో తన నడుం నొప్పికి ఆ గుట్టల రోజే కారణమని కలుపుతుంది.

ఇది రాసేముందు ఒక సంగతి అడుగుదామని మొన్న మధ్యాహ్నం మాలతికి ఫోన్ చేశాను.

"భయం ఎప్పుడు పోయిందే నీకు?"

"భయమా? ఇంక ఉన్నది టీచరమ్మా. ఉంటెనే మంచిది. లేకుంటె మలుపు కాడ హారన్ కొట్టబుద్ధి కాదు." వెనకనుంచి ఎవరో పిలుస్తున్నారు. "ఆఁ, వస్తున్న! టీచరమ్మా, కొత్త బండి తెచ్చిండ్రు. నిలబడి నడిపేదట. కప్పు దాక లేస్తదట, ఆ పైన అర కాడికి. మగోళ్ళందరు సుట్టు నిలబడి సూస్తుండ్రు, ఒక్కడు ఎక్కుతలేడు."

"నువ్వు ఎక్కుతవా మరి?"

"అరే, తాళం నా చేతులనే ఉన్నది. ఉంటా, రాత్రికి వచ్చి చెప్త!"

ఫోన్ పెట్టేసింది.